ప్రపంచ రికార్డు మూడుసార్లు, బంగారు పతకం సున్నా: యూర్గెన్ హింగ్‌సెన్ లెక్క ఎక్కడ తప్పింది?

1984 ఆగస్టు 9 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో డెకాథ్లాన్ చివరి పోటీ ముగిసింది. 1500 మీటర్ల గీత దాటిన బ్రిటన్ అథ్లెట్ డేలీ థాంప్సన్‌కు వరుసగా రెండో ఒలింపిక్ స్వర్ణం ఖాయమైంది. రెండు రోజుల పది పోటీల పాయింట్లు కూడితే అతని మొత్తం 8797. అప్పటి ప్రపంచ రికార్డు 8798. ఒక్క పాయింటు తక్కువ. ఆ రికార్డు ఎవరి పేరు మీద ఉందో తెలిస్తే ఆ రాత్రి ఎంత విచిత్రమైనదో అర్థమవుతుంది. అదే మైదానంలో, అదే పోటీలో థాంప్సన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్న పశ్చిమ జర్మనీ అథ్లెట్ యూర్గెన్ హింగ్‌సెన్‌ది ఆ రికార్డు. బంగారం గెలిచినవాడికి, రికార్డు ఓడినవాడికి.

ఆ తరువాత ఆ రికార్డు కూడా హింగ్‌సెన్ చేతిలో మిగలలేదు. హర్డిల్స్ పరుగు ముగింపు ఫొటోను మళ్లీ పరిశీలించిన అధికారులు థాంప్సన్ సమయం 14.34 సెకన్లు కాదని, 14.33 అని తేల్చారు. సెకనులో నూరో వంతు. దానితో ఒక పాయింటు కలిసి ఇద్దరి లెక్కా సమానమైంది. ఈలోగా పాయింట్ల పట్టికే మారింది. కొత్త పట్టిక ప్రకారం లెక్కిస్తే థాంప్సన్‌వి 8847, హింగ్‌సెన్ రికార్డు 8832. సమానం కూడా పోయింది. మైదానంలో ఎవరూ కొత్తగా అడుగు వేయలేదు, ఎవరూ ఏమీ విసరలేదు. కాగితం మీద రికార్డు చేతులు మారింది.

హింగ్‌సెన్ గురించి రాసినవారిలో ఎక్కువమంది అతన్ని 'ఎప్పుడూ రెండోవాడు' అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఒత్తిడికి లొంగిపోయాడని, పెద్ద వేదిక మీద తడబడ్డాడని అంటారు. పాయింట్లను ఒక్కొక్కటిగా విడదీసి చూసినప్పుడు నాకు ఆ మాట సగమే నిజమనిపించింది. మిగిలిన సగం పట్టికలో ఉంది, పోటీల క్రమంలో ఉంది, జూన్ నెలలో ఉంది.

పది పోరాటాలు

జర్మన్ భాషలో డెకాథ్లాన్‌ను త్సేన్‌కాంఫ్ అంటారు, అంటే పది పోరాటాలు. మొదటి రోజు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్ల పరుగు. రెండో రోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్ త్రో, పోల్ వాల్ట్, జావెలిన్ త్రో, చివరికి 1500 మీటర్లు. ఈ జాబితాలోనే ఒక వైరం దాగి ఉంది. ఇనుప గుండు విసరడానికి బరువైన శరీరం కావాలి. 1500 మీటర్లు పరుగెత్తడానికి అదే బరువు శాపం. పోల్ పట్టుకుని పైకి లేవాలన్నా బరువు అడ్డమే. కాబట్టి డెకాథ్లాన్ అథ్లెట్ శరీరమే ఒక రాజీ. ఎక్కడ ఎంత వదులుకోవాలో, ఎక్కడ ఎంత రాబట్టుకోవాలో ఏళ్ల తరబడి లెక్కవేసి కట్టుకున్న రాజీ.

1958లో డూయిస్‌బుర్గ్‌లో పుట్టిన హింగ్‌సెన్ ఎత్తు సరిగ్గా రెండు మీటర్లు. ఆ ఎత్తు హైజంప్‌లో, హర్డిల్స్‌లో, డిస్కస్‌లో వరం. 100 మీటర్ల బ్లాకుల నుంచి లేచేటప్పుడు మాత్రం అంత పొడవైన కాళ్లను విప్పుకోవడానికి సమయం పడుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే ఈ మహాకాయుడు 1500 మీటర్లను 4 నిమిషాల 20 సెకన్ల లోపే పూర్తిచేసేవాడు. తొమ్మిది పోటీలతో ఒళ్లు హూనమయ్యాక, ఆ బరువుతో, ఆ సమయం నమోదు చేయడం నన్ను ఇప్పటికీ విస్మయపరుస్తుంది. అతని అందం, ఠీవి చూసి థాంప్సన్ 'హాలీవుడ్ హింగ్‌సెన్' అని పేరు పెట్టాడు. పత్రికలు ఆ పేరునే పట్టుకున్నాయి. 4 నిమిషాల 20 సెకన్ల సంగతి ఆ పేరు వెనుక మరుగున పడింది.

అప్పట్లో పశ్చిమ జర్మనీలో ఈ ఆటకు గట్టి పునాది ఉండేది. 1964లో టోక్యోలో విల్లీ హోల్డార్ఫ్ జర్మనీకి డెకాథ్లాన్ స్వర్ణం తెచ్చాడు. 1980 జూన్‌లో స్టుట్‌గార్ట్ సమీపంలోని బెర్న్‌హౌజెన్‌లో గీడో క్రాచ్‌మర్ 8649 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. నెల ముందు థాంప్సన్ సృష్టించిన రికార్డును అతను దాటేశాడు. కానీ ఆ ఏడాది మాస్కో ఒలింపిక్స్‌ను పశ్చిమ జర్మనీ బహిష్కరించింది. ప్రపంచ రికార్డు చేతిలో ఉన్న క్రాచ్‌మర్ ఇంటి దగ్గరే ఉండిపోయాడు, థాంప్సన్ స్వర్ణం గెలిచాడు. క్రాచ్‌మర్‌కు దక్కనిది దక్కించుకునే బాధ్యత తరువాతి తరం మీద పడింది. హింగ్‌సెన్, సిగ్‌ఫ్రీడ్ వెంట్స్ ఆ తరం వారు. లాస్ ఏంజెలెస్‌లో రెండు, మూడు, నాలుగు స్థానాలు హింగ్‌సెన్, వెంట్స్, క్రాచ్‌మర్‌లవే. ఒక దేశం వరుసగా మూడు స్థానాలు ఆక్రమించి మొదటిదాన్ని మాత్రం అందుకోలేకపోయింది.

రికార్డు ఇక్కడ, పతకం అక్కడ

1982 నుంచి 1984 వరకు ప్రపంచ రికార్డు ఇద్దరి మధ్య బంతిలా తిరిగింది. 1982 మేలో ఆస్ట్రియాలోని గోట్సిస్‌లో థాంప్సన్ 8704 చేశాడు. ఆగస్టులో ఉల్మ్‌లో హింగ్‌సెన్ 8723తో దాన్ని లాక్కున్నాడు. నెల తిరగకుండానే ఏథెన్స్ యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో థాంప్సన్ 8743తో తిరిగి తీసుకున్నాడు. ఆ పోటీలో రజతం హింగ్‌సెన్‌ది. 1983 జూన్‌లో, క్రాచ్‌మర్ రికార్డు చేసిన ఆ బెర్న్‌హౌజెన్‌లోనే, హింగ్‌సెన్ 8779కి చేరాడు. రెండు నెలలకు హెల్సింకీలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. స్వర్ణం థాంప్సన్‌ది, 8666తో. హింగ్‌సెన్ 8561తో రెండోవాడు. 1984 జూన్‌లో మాన్‌హైమ్‌లో హింగ్‌సెన్ మూడోసారి రికార్డు రాశాడు, 8798. మళ్లీ రెండు నెలలకు లాస్ ఏంజెలెస్.

ఈ అంకెలన్నీ నాటి పట్టిక ప్రకారం. వాటిని వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. హింగ్‌సెన్ రికార్డులు మూడూ జర్మన్ నేల మీద వచ్చాయి: ఉల్మ్, బెర్న్‌హౌజెన్, మాన్‌హైమ్. వాటిలో రెండు జూన్‌లో, పెద్ద పోటీకి రెండు నెలల ముందు. థాంప్సన్ ఏథెన్స్‌లో, లాస్ ఏంజెలెస్‌లో నమోదు చేసిన గొప్ప మొత్తాలు పతకం బల్ల మీద ఉన్న రోజున వచ్చాయి.

దీన్ని మనోబలం తేడాగా మాత్రమే చూడటం నాకు సమ్మతం కాదు. డెకాథ్లాన్ అథ్లెట్ ఏడాదికి పూర్తి పోటీలు ఎన్నో ఆడలేడు. ఒక్కొక్కటీ శరీరాన్ని పిండేస్తుంది. అందువల్ల శరీరం ఏ వారంలో పదునెక్కాలో ముందే నిర్ణయించుకుని నెలల తరబడి దానికోసం సిద్ధం కావాలి. క్రాచ్‌మర్, వెంట్స్ వంటి సహచరులు పక్కనే ఉన్న దేశంలో జూన్ పోటీని తేలిగ్గా తీసుకోవడం కష్టం. జూన్‌లో ప్రపంచ రికార్డు స్థాయికి చేరిన శరీరం ఆగస్టుకు అదే ఎత్తులో ఉండాలంటే అదృష్టం కూడా కలిసి రావాలి. హింగ్‌సెన్‌కు అది కలిసి రాలేదు. థాంప్సన్ గురి మాత్రం ఎప్పుడూ ఆగస్టు, సెప్టెంబరు నెలల మీదే ఉన్నట్టు కనిపిస్తుంది.

పట్టిక ఎవరి పక్షం?

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. డెకాథ్లాన్‌లో ఎవరు ముందు గీత దాటారన్నది లెక్కలోకి రాదు. ఎంత సమయంలో దాటారన్నదే లెక్క. ఆ సమయాన్ని, ఎత్తును, దూరాన్ని ఒక సూత్రం పాయింట్లుగా మారుస్తుంది. 100 మీటర్లకు ఇప్పుడు వాడే సూత్రం ఇలా ఉంటుంది: 18 నుంచి అథ్లెట్ సమయాన్ని సెకన్లలో తీసివేయాలి, మిగిలినదాన్ని 1.81 ఘాతానికి పెంచాలి, వచ్చినదాన్ని 25.4347తో గుణించాలి. 18 సెకన్లు తీసుకున్నవాడికి సున్నా వస్తుంది. పోటీపోటీకీ ఈ మూడు అంకెలు మారతాయి.

కీలకం ఆ ఘాతంలో ఉంది. పరుగులలో అది 1.8 నుంచి 1.9 దాకా ఉంటుంది. అంటే వేగం పెరిగేకొద్దీ, మెరుగుపరచుకున్న ప్రతి పదో వంతు సెకనుకూ ముందటికన్నా ఎక్కువ పాయింట్లు వస్తాయి. విసురు పోటీలలో ఘాతం 1.05 నుంచి 1.1 దాకా మాత్రమే. అక్కడ ఎంత గొప్పగా విసిరినా ప్రతి అదనపు మీటరుకూ విలువ దాదాపు ఒకేలా ఉంటుంది. మెరుపు వేగంతో పరుగెత్తి, అదే వేగంతో లాంగ్ జంప్ చేసేవాడికి ఈ సూత్రం అనుకూలం. గుండునో డిస్కస్‌నో మరో రెండు మీటర్లు దూరంగా విసిరే బలశాలికి అంత లాభం ఉండదు.

ఇది అన్యాయమా? నా దృష్టిలో కాదు. ఏదో ఒక సూత్రం ఉండక తప్పదు, ఏ సూత్రమైనా ఏదో ఒక శరీరానికి కాస్త మొగ్గుతుంది. కానీ ఆ మొగ్గు ఎటు ఉందో తెలియకుండా ఒకరిని ధీరుడనీ మరొకరిని పిరికివాడనీ తీర్పు చెప్పడం మాత్రం అన్యాయమే.

పాయింట్ల ఆట ఎంత సన్నని దారం మీద నడుస్తుందో తెలుగు పాఠకులకు ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో తెలంగాణకు చెందిన అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. 2018 స్వర్ణ విజేత స్వప్న బర్మన్ 5708తో నాలుగో స్థానంలో మిగిలిపోయింది. ఏడు పోటీల తరువాత తేడా నాలుగు పాయింట్లు. చివరి 800 మీటర్ల పరుగులో అది సెకనులో మూడో వంతుకన్నా తక్కువ. మహిళల హెప్టాథ్లాన్‌కూ ఇదే తరహా సూత్రం, అంకెలు మాత్రం వేరు.

లాస్ ఏంజెలెస్, ఒక్కో పాయింటు

నేటి పట్టిక ప్రకారం లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరి మొత్తాలు 8847, 8695. తేడా 152. ఆ పోటీ గురించి ఎవరు చెప్పినా రెండో రోజు డిస్కస్ దగ్గర మొదలుపెడతారు. అది నిజంగానే ఊపిరి బిగబట్టించిన ఘట్టం కాబట్టి ముందు దాన్నే చూద్దాం.

హర్డిల్స్ ముగిసేసరికి థాంప్సన్ 99 పాయింట్ల ముందంజలో ఉన్నాడు. డిస్కస్‌లో ఒక్కొక్కరికి మూడు విసుర్లు. హింగ్‌సెన్ 50.82 మీటర్లు విసిరాడు, అద్భుతమైన విసురు. దానికి 887 పాయింట్లు. థాంప్సన్ మొదటి విసురు 37.90 మీటర్లు, రెండోది 41.24. అక్కడే ఆగిపోతే అతనికి 690 వచ్చేవి. ఆధిక్యం పోవడమే కాదు, హింగ్‌సెన్ 98 పాయింట్లు ముందుకు వెళ్లేవాడు. ఇక మిగిలింది ఒకే ఒక విసురు. ఆ మూడో విసురులో డిస్కస్ 46.56 మీటర్ల దగ్గర పడింది. 799 పాయింట్లు. థాంప్సన్ ఆధిక్యం 11 పాయింట్లకు కరిగినా నిలిచింది.

ఆ ఒక్క విసురు విలువ 109 పాయింట్లు. ఆ స్థాయి 1500 మీటర్ల పరుగులో అది 16 సెకన్లతో సమానం. పదహారు సెకన్లు తగ్గించుకోవడానికి ఏళ్ల సాధన కావాలి. ఇక్కడ అది రెండు సెకన్లు కూడా పట్టని ఒక గిరికీలో వచ్చింది.

తరువాత పోల్ వాల్ట్. థాంప్సన్ అయిదు మీటర్లు దాటాడు. రెండు నెలల ముందు మాన్‌హైమ్‌లో 4.90 దాటిన హింగ్‌సెన్ ఇక్కడ 4.50 దగ్గరే ఆగిపోయాడు. 910కి 760. ఒక్క పోటీలో 150 పాయింట్లు పోయాయి. జావెలిన్‌లో మరో 73. ఆట అయిపోయింది. చివరి 1500 మీటర్లలో థాంప్సన్ 4 నిమిషాల 35 సెకన్లు తీసుకున్నాడు. హింగ్‌సెన్ 4:22.60లో పూర్తిచేసి 82 పాయింట్లు తిరిగి సంపాదించాడు, కానీ ఫలితం మారలేదు. థాంప్సన్ మరో పావు సెకను ముందు వచ్చి ఉంటే ప్రపంచ రికార్డు కూడా ఆ రాత్రే అతని వశమయ్యేది.

కథ ఇలా చెబితే ముగింపు సులభం: కీలక సమయంలో థాంప్సన్ నిలబడ్డాడు, హింగ్‌సెన్ కూలిపోయాడు. అయితే మొదటి రోజు ఉదయానికి వెనక్కి వెళ్లి చూడండి. 100 మీటర్లలో థాంప్సన్ 10.44, హింగ్‌సెన్ 10.91. పాయింట్లు 989, 881. లాంగ్ జంప్‌లో 8.01, 7.80 మీటర్లు. పాయింట్లు 1063, 1010. ఈ రెండు పోటీలలోనే తేడా 161. పది పోటీల చివర తేడా ఎంత? 152. అంటే మిగిలిన ఎనిమిది పోటీలను విడిగా కూడితే, పోల్ వాల్ట్ నష్టాన్ని కలుపుకొని కూడా, హింగ్‌సెనే 9 పాయింట్లు ఎక్కువ సంపాదించాడు.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పు చేశానేమోనని మళ్లీ కూడి చూశాను. తప్పు లేదు. షాట్‌పుట్, హైజంప్, హర్డిల్స్, డిస్కస్, 1500 మీటర్లు, ఈ అయిదింటిలోనూ హింగ్‌సెన్ మెరుగు. హైజంప్‌లో 2.12 మీటర్లతో ఏకంగా 84 పాయింట్లు ఎక్కువ. ఒలింపిక్ ఒత్తిడిలో కూలిపోయిన మనిషి లెక్కలా ఇది కనిపించదు. మొదటి రోజు పదిన్నర సెకన్ల పరుగులో, ఒక్క దూకులో వెనకబడి, ఆ తరువాత రెండు రోజుల పాటు ఆ దూరాన్ని తరుముతూ వచ్చిన మనిషి లెక్క ఇది. ఆ తరమడమే పోల్ వాల్ట్ వైఫల్యాన్ని అంత ఖరీదైనదిగా మార్చింది. ముందంజలో ఉన్నవాడికి ఒక పోటీ పాడైతే దెబ్బ తగులుతుంది. వెనకబడినవాడికి పాడైతే పోటీయే ముగుస్తుంది.

మాన్‌హైమ్‌తో పోల్చితే మరో సంగతి తెలుస్తుంది. అక్కడ హింగ్‌సెన్ 100 మీటర్లను 10.70లో పూర్తిచేసి 929 పాయింట్లు తెచ్చుకున్నాడు, లాస్ ఏంజెలెస్‌కన్నా 48 ఎక్కువ. పోల్ వాల్ట్‌లో 880, అంటే 120 ఎక్కువ. ఈ రెండూ కలిపితే 168. లాస్ ఏంజెలెస్ మొత్తానికి వాటిని చేర్చి చూస్తే 8863 అవుతుంది, థాంప్సన్‌ను దాటుతుంది. గాలి వేరు, ట్రాక్ వేరు, రోజు వేరు. ఇలాంటి కూడికలకు పతకాలు రావని నాకు తెలుసు. కానీ థాంప్సన్‌ను ఓడించే సరుకు హింగ్‌సెన్ దగ్గర లేదన్న వాదన మాత్రం ఈ అంకెల ముందు నిలవదు. సరుకు ఉంది. అదంతా ఒకే రెండు రోజుల్లో, ఆ రెండు రోజుల్లోనే, చేతికి రాలేదు.

1986లో సొంతగడ్డ మీద, స్టుట్‌గార్ట్ యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో, మరో అవకాశం వచ్చింది. థాంప్సన్ 8811, హింగ్‌సెన్ 8730, వెంట్స్ 8676. మళ్లీ రజతం. ఆ నాలుగు పెద్ద పోటీలలో హింగ్‌సెన్ ఒక్కసారి కూడా రెండో స్థానం నుంచి కిందికి జారలేదు. దీన్ని వైఫల్యం అనేవారు రజతం ఎంత కష్టమో మరిచిపోతున్నారు.

సియోల్, మూడు తప్పుడు ఆరంభాలు

1988 సెప్టెంబరు 28. సియోల్ ఒలింపిక్స్ డెకాథ్లాన్‌లో మొదటి పోటీ, 100 మీటర్లు. హింగ్‌సెన్ వయసు 30. తుపాకీ పేలకముందే బ్లాకుల నుంచి లేచాడు. వెనక్కి పిలిచారు. రెండోసారి కూడా అంతే. అప్పటి నిబంధన ప్రకారం విడి పరుగు పోటీలలో రెండు తప్పుడు ఆరంభాలకే బయటికి పంపేవారు. డెకాథ్లాన్‌లో ఒక అవకాశం ఎక్కువ ఉండేది. మూడోసారీ ముందే కదిలాడు. అధికారులు అతన్ని తప్పించారు. అతను వారితో వాదించాడు, అంత సులువుగా ట్రాక్ వదలలేదు. నిర్ణయం మారలేదు. నాలుగేళ్ల సన్నాహం పది పోటీలలో మొదటిది పూర్తిగా మొదలు కాకముందే ముగిసింది.

అతని జీవితంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇది. ఎందుకంటే ఇక్కడ లెక్క పూర్తిగా అతని పక్షాన ఉంది. రెండు తప్పుడు ఆరంభాల తరువాత, తుపాకీ శబ్దం స్పష్టంగా విన్నాకే కదులుదామని పదో వంతు సెకను ఆగి ఉంటే ఏమయ్యేది? 10.91 బదులు 11.01. పోయేది 23 పాయింట్లు. 1500 మీటర్లలో దాదాపు మూడున్నర సెకన్లు వేగంగా వస్తే ఆ 23 తిరిగి వస్తాయి, 1500 మీటర్లు అతని బలం కూడా. పదో వంతు సెకను కాపాడుకోబోయి మొత్తం పోగొట్టుకున్నాడు.

మరి అలా ఎందుకు చేశాడు? అతని మనసులోకి వెళ్లి చెప్పే హక్కు నాకు లేదు. లాస్ ఏంజెలెస్ పట్టికను చూసిన కళ్లతో మాత్రం ఒక మాట అనగలను. నాలుగేళ్ల ముందు అతను స్వర్ణానికి దూరమైంది ఈ 100 మీటర్లలోనే. ఆ 108 పాయింట్ల గుంత ఎక్కడ పడిందో అందరికన్నా అతనికే బాగా తెలుసు. ఆ గుంతను బ్లాకుల దగ్గరే పూడ్చాలని చూసినవాడు శబ్దానికి ముందే కదలడం నాకు అర్థం కాని విషయమేమీ కాదు.

ఆ రోజు సియోల్‌లో తలుపులు ఎంత బార్లా తెరిచి ఉన్నాయో చూస్తే బాధ ఇంకా పెరుగుతుంది. స్వర్ణం తూర్పు జర్మనీకి చెందిన క్రిస్టియన్ షెంక్‌ది, 8488 పాయింట్లతో. హైజంప్‌లో అందరూ వదిలేసిన పాత స్ట్రాడిల్ పద్ధతిలో, బార్‌కు ముఖం ఆనించినట్టుగా దొర్లుతూ, అతను 2.27 మీటర్లు దాటాడు. రజతం అదే దేశపు టోర్స్‌టెన్ ఫాస్‌ది, 8399. కెనడా అథ్లెట్ డేవ్ స్టీన్ 8328తో కాంస్యం గెలిచాడు. పోల్ వాల్ట్‌లో పోల్ విరిగి ఇబ్బంది పడ్డ థాంప్సన్ 8306తో నాలుగో స్థానంలో నిలిచాడు. థాంప్సన్ పతకం లేకుండా వెనుదిరిగిన ఆ ఒలింపిక్స్‌లో పతకాల పోరులో హింగ్‌సెన్ లేడు.

లాస్ ఏంజెలెస్‌లో అతన్ని రెండో స్థానంలో ఉంచిన 8695ను తరువాతి విజేతల పక్కన పెట్టి చూడండి. 1988 ఒలింపిక్ విజేత 8488. 1992లో బార్సిలోనాలో రాబర్ట్ జ్మెలిక్ 8611. 2000లో సిడ్నీలో ఎర్కీ నూల్ 8641. 2019లో దోహాలో జర్మనీ యువకుడు నిక్లాస్ కౌల్‌ను ప్రపంచ చాంపియన్‌ను చేసిన మొత్తం 8691. హింగ్‌సెన్ రజతం వీటన్నిటికన్నా ఎక్కువ. వేర్వేరు కాలాల అథ్లెట్లను ఒకే వరుసలో నిలబెట్టడం సరికాదు, నిజమే. అయినా ఒక మనిషి ఏ సంవత్సరంలో పుట్టాడు, ఎవరి పక్కన పుట్టాడు అన్నది అతని పతకాల పెట్టెను ఎంతగా నిర్ణయిస్తుందో దీనికన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ముప్పై తొమ్మిదేళ్లు

మాన్‌హైమ్‌లో రాసిన 8832 జర్మన్ జాతీయ రికార్డుగా 39 ఏళ్లు నిలిచింది. మధ్యలో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. షెంక్, ఫాస్, కౌల్ స్వర్ణాలు గెలిచారు. ఎవరూ ఆ అంకెను అందుకోలేదు. 2023 జూన్‌లో అమెరికాలోని ఆస్టిన్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల చాంపియన్‌షిప్‌లో లియో నాయ్‌గెబావర్ 8836 చేశాడు. నాలుగు పాయింట్ల తేడాతో రికార్డు మారింది.

నాయ్‌గెబావర్ ఎత్తు 2.01 మీటర్లు. డిస్కస్ అతని బలం. అతను చదువుకున్నది ఆస్టిన్‌లోనే, కాబట్టి అది అతనికి సొంత మైదానం. నెల జూన్. ఆ ఆగస్టులో బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మొదటి రోజు ముగిసేసరికి అందరికన్నా ముందున్నాడు, రెండో రోజు చివరికి అయిదో స్థానానికి జారాడు. 2024 జూన్‌లో యూజీన్‌లో 8961కి చేరాడు. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో 8748తో రజతం. స్వర్ణం నార్వేకు చెందిన మార్కుస్ రూట్‌ది, 8796తో. జూన్‌లో శిఖరం, ఆగస్టులో ఒక మెట్టు కింద. ఈ వరుస చూస్తుంటే హింగ్‌సెన్ కథ మళ్లీ మొదలైందేమోనని నాకు నిజంగానే భయం వేసింది.

2025లో నాయ్‌గెబావర్ గెలిచాడు. హోల్డార్ఫ్ స్వర్ణం గెలిచిన టోక్యోలోనే, సెప్టెంబరులో, ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ప్యూర్టో రికోకు చెందిన ఐడెన్ ఓవెన్స్-డెలెర్మ్‌ను 20 పాయింట్ల తేడాతో వెనక్కి నెట్టాడు. అతని మొత్తం 8804, మాన్‌హైమ్‌లో హింగ్‌సెన్ సాధించినదానికన్నా 28 తక్కువ.